ఆమె నెహ్రూ భార్య కాదు

2023 నవంబర్ 17న జార్ఖండ్‌లోని పంచెట్‌లో ఒక సంథాల్ ముసలామె చనిపోయింది. పేరు బుధ్ని మెజాన్. ఆమె పోయిన వార్త రాసిన పత్రికలు చాలావరకు ఆమెను ఒకే మాటతో పరిచయం చేశాయి: 'నెహ్రూ గిరిజన భార్య'. పదిహేనేళ్ళ వయసులో మీద పడిన మాట అది. అరవై నాలుగేళ్ళు ఆమె వెంట నడిచింది, కాటిదాకా వచ్చింది. ఇప్పుడు మన పిల్లల సెల్‌ఫోన్లలో ఒక వింత కథగా తిరుగుతోంది.

ఆ మాట వినగానే మనవాళ్ళలో కొందరికి జాలి, కొందరికి నవ్వు, ఇంకొందరికి గర్వం కూడా. దేశ ప్రధాని పక్కన మన పిల్ల నిలబడిందని గర్వం! మేం ఈ మూడింటినీ కాదంటున్నాం. 'నెహ్రూ భార్య' అనేది బిరుదు కాదు. అది ఒక శిక్షకు పెట్టిన పేరు. ఆ శిక్ష వేసింది ఢిల్లీ కాదు, ఒక ఆదివాసీ ఊరి పెద్దలు. ఆ మాటను ఇవాళ్టికీ వాడుతున్నవాళ్ళు, తెలిసో తెలియకో, ఆ తీర్పును అమలు చేస్తూనే ఉన్నారు. తీర్పు మన ఆదివాసీ పంచాయితీలో పుట్టింది గనుక దాన్ని కొట్టేయాల్సిన బాధ్యతా మనదే.

ముందు జరిగిందేమిటో చూద్దాం.

1948లో చట్టం చేసి దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌ను పెట్టారు. అందరూ డీవీసీ అంటారు. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకం దానికి నమూనా. దామోదర్ వరదలను ఆపాలి, కరెంటు తీయాలి, పొలాలకు నీళ్ళివ్వాలి. మొదటి దఫాలో నాలుగు ఆనకట్టలు కట్టారు. 1953లో తిలైయా, 1955లో కోనార్, 1957లో మైథాన్, 1959లో పంచెట్. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న రాయి వేసిన నెహ్రూయే, నాలుగేళ్ళ తర్వాత 1959 డిసెంబర్ 6న పంచెట్‌ను ప్రారంభించడానికి వచ్చాడు. ఆనకట్టలు కొత్త భారతదేశపు గుళ్ళు అని అందరూ అనుకుంటున్న కాలం అది. ఆ గుళ్ళ కింద ఎవరి ఊళ్ళు మునిగాయో అడిగే గొంతు అప్పటికి లేదు.

ప్రధానికి స్వాగతం చెప్పడానికి డీవీసీ తన కూలీలలోంచి ఇద్దరు సంథాల్‌లను ఎంచుకుంది. ఒకరు రాబోన్ మాంఝీ, మగవాడు. రెండోది కార్బోనా ఊరి పిల్ల బుధ్ని. ఆమెకు అప్పుడు పదిహేనేళ్ళు, నెహ్రూకు డెబ్బై. బుధ్ని ప్రధాని మెడలో దండ వేసింది. ఆ గౌరవానికి బదులుగా ఆయన ఆమెకు దండ తొడిగాడు. ఆనకట్ట కట్టిన కూలీయే దాన్ని ప్రారంభించాలని చెప్పి ఆమె చేత మీట నొక్కించాడు. మరునాటి పత్రికల్లో వార్త వచ్చింది, ఫొటో వచ్చింది. ఒక కూలిపిల్ల చేతి మీద ఇంత పెద్ద ఆనకట్ట మొదలైందని దేశం మురిసిపోయింది.

ఆమె ఊళ్ళో మాత్రం అదే రాత్రి పంచాయితీ కూర్చుంది. దండలు మార్చుకున్నారు గనుక పెళ్ళి అయిపోయినట్టే, పెళ్ళాడినవాడు సంథాల్ కాడు గనుక ఇక నువ్వు మా మనిషివి కావు అని పెద్దలు తేల్చారు. ఊరు ఆమెను వెలివేసింది. 1962లో డీవీసీ ఆమెను పనిలోంచి తీసేసింది. మూడేళ్ళలో ఊరు పోయింది, కూడు పోయింది. పశ్చిమ బెంగాల్‌లోని సాల్తోరాకు వెళ్ళి కూలిపనులు చేసుకుంది. అక్కడ బొగ్గుగనుల్లో కాంట్రాక్టు కూలీగా ఉన్న ఒక గిరిజనేతరుడు ఆమెకు నీడ ఇచ్చాడు. ఇద్దరూ కలిసి బతికారు, బిడ్డను కన్నారు. 1985లో ఆమె సంగతి రాజీవ్ గాంధీ దాకా వెళ్ళింది. ఆయన చెప్పాక డీవీసీ ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకుంది. పనిచేసి, రిటైరై, అదే పంచెట్‌లో కన్నుమూసింది.

ఇదీ ఆ 'భార్య' జీవితం.

పెద్ద నాయకుడి భార్య అంటే ఈ దేశంలో ఏమిటో మనకందరికీ తెలుసు. ఆమె వేదిక మీద పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఆమె పేరు మీద బడులు, ఆస్పత్రులు, వీధులు ఉంటాయి. భర్త జైలుకు పోతే ఆమె ప్రచారానికి వస్తుంది, భర్త చనిపోతే టికెట్ ఆమెకు వస్తుంది. ఆమె కష్టం కూడా చరిత్రలోకి ఎక్కుతుంది. నెహ్రూ నిజమైన భార్య కమలనే చూడండి. 1916లో పెళ్ళయింది. సత్యాగ్రహం రోజుల్లో అలహాబాదు ఆడవాళ్ళను కూడగట్టి విదేశీ బట్టల దుకాణాల ముందు నిలబడింది. 1931 జనవరి 1న అరెస్టయింది. క్షయతో తీసుకుని 1936 ఫిబ్రవరి 28న పరాయి దేశంలో, స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో చనిపోయింది. ఆమెది తేలిక జీవితం కాదు. భర్త నీడలో ఆమె సొంత పోరాటం సగం కనపడకుండా పోయిందన్నదీ నిజమే. అయినా ఆమెకు ఒక పేరు మిగిలింది. అలహాబాదులో ఆమె పేరిట ఆస్పత్రి ఉంది. నెహ్రూ తన ఆత్మకథను ఆమెకు అంకితం ఇచ్చాడు.

మరి 'రెండో భార్య'కు ఏం మిగిలింది? భార్యకు ఉండే హక్కుల్లో ఒక్కటీ ఆమెకు రాలేదు. ఇల్లు రాలేదు, మనువర్తి రాలేదు, ఉన్న ఉద్యోగం కూడా నిలవలేదు. భార్య అన్న మాటలోని కట్టుబాటు మాత్రం మొత్తం ఆమె మెడకే చుట్టుకుంది. ఇంకెవరినీ చేసుకోకూడదు, ఊళ్ళోకి రాకూడదు, పుట్టింటి గడప తొక్కకూడదు. భర్త అని చెప్పబడిన మనిషి ఢిల్లీలో ప్రధానిగానే ఉన్నాడు, 1964 మే 27న చనిపోయేదాకా ఉన్నాడు. ఆయన జీవితంలో ఈ పెళ్ళి ఒక్క పూట కూడా లేదు. ఆమె జీవితంలో అది తప్ప ఇంకేమీ లేకుండా చేశారు.

ఇంకో సంగతి గమనించండి. ఆమెను 'నెహ్రూ భార్య' అన్న ప్రతిసారీ, సాల్తోరాలో ఆమెతో గంజి పంచుకున్న మనిషిని మనం చెరిపేస్తున్నాం. ఆమె కన్న బిడ్డను ఒక పుకారు కింద నెట్టేస్తున్నాం. నిజంగా ఉన్న సంసారం వార్త కాలేదు, లేని పెళ్ళి వార్త అయింది. ఒక ఆడమనిషి బతుకును ఇంతకన్నా అవమానించడం ఎలా సాధ్యం?

ఇక్కడ మన వాళ్ళు చాలామంది ఒక మాట అంటారు. ఇదంతా సర్కారు చేసిన పాపం, మనవాళ్ళను ఎందుకు తప్పుపడతారు, అని. సర్కారు పాపం మేం దాచడం లేదు. దాన్ని వివరంగానే చెప్పుకుందాం.

స్వాగతానికి సంథాల్ పిల్లనే ఎందుకు ఎంచుకున్నారు? డీవీసీలో ఇంజనీర్లున్నారు, ఆఫీసర్లున్నారు, వాళ్ళ భార్యలున్నారు. వాళ్ళెవరినీ నిలబెట్టకుండా ఆదివాసీ కూలిపిల్లను నిలబెట్టడంలో ఒక లెక్క ఉంది. ఎవరి ఊళ్ళు నీళ్ళ కింద పోయాయో వాళ్ళ పిల్ల నవ్వుతూ దండ వేస్తే, వాళ్ళే మీట నొక్కితే, వాళ్ళు ఒప్పుకున్నట్టు ఫొటో తయారవుతుంది. ఆ ఒక్క ఫొటో వెయ్యి సంతకాల పని చేస్తుంది. నెహ్రూ మనసులో కూలీకి గౌరవం ఇవ్వాలన్న మంచి ఉద్దేశమే ఉండొచ్చు. మేం దాన్ని శంకించడం లేదు. కానీ గౌరవం అంటే ఒక పూట మీట నొక్కించడమా? మరునాడు ఆ పిల్ల ఎక్కడ పడుకుంది, ఏం తింది అని చూడటమా? తన చేత్తో మొదలుపెట్టించిన ఆనకట్ట సంస్థే మూడేళ్ళకు ఆమెను బయటికి నెట్టింది. ఆ ఫొటో మాత్రం సంస్థ దగ్గరే ఉండిపోయింది.

1985లో జరిగిందాన్ని కూడా మేం ఉపకారం అనం. పని తిరిగి వచ్చింది, సరే. మధ్యలో పోయిన ఇరవై మూడేళ్ళ మాటేమిటి? ఒక కార్మికురాలికి హక్కుగా దక్కాల్సిన పని, ప్రధాని దయగా దక్కాల్సి వచ్చింది. మొదటి ప్రధాని దండ వల్ల పోయిన బతుకు, ఆయన మనవడి మాట వల్ల తిరిగొచ్చిందని పత్రికలు దాన్ని కూడా ఒక కుటుంబ కథలా రాసుకున్నాయి. చట్టం ఏమైనట్టు? కార్మిక సంఘాలు ఏమైనట్టు? అవేవీ ఆ కథలో కనపడవు.

ఈ స్వాగతాల పద్ధతి పంచెట్‌తో ఆగిపోలేదని ఏజెన్సీలో పనిచేసే మాస్టార్లకు మేం చెప్పక్కర్లేదు. మంత్రిగారి హెలికాప్టర్ దిగే వేళకు ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు ఎండలో వరసగా నిలబడతారు. ఒకరి చేతిలో హారతి పళ్ళెం, ఇంకొకరి చేతిలో పూలు. థింసా అడుగులు, కొమ్ము కోయ ఆట, గుస్సాడీ నెమలి కిరీటాలు. మంత్రిగారు రెండడుగులు కలుపుతారు, ఫొటో అవుతుంది. ఆ పూట పాఠం పోతుంది. మన ఆట మన పండగది, మన దేవతలది. పోలవరం వెనక నీళ్ళు చేరి దేవీపట్నం మండలంలో ఊళ్ళు మునిగాక, కోయలు, కొండరెడ్లు కొండవాలుల్లోనూ కాలనీల్లోనూ చెదిరిపోయాక కూడా, సభ పెడితే ముందు వరసలో కొమ్ములు కట్టుకుని ఆడాల్సింది వాళ్ళే. 1959లో బుధ్ని చేతికిచ్చిన దండ, ఇవాళ మన పిల్లల చేతికిస్తున్న దండ వేరు వేరా?

సర్కారు మీద చెప్పాల్సింది ఇది. ఇప్పుడు మన సంగతికి వద్దాం.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అది షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. అంటే మన పెళ్ళి ఏది, ఏది కాదు అని తేల్చేది మన ఆచారమే. ఇది మనకు పెద్ద అధికారం. అధికారం ఉన్నచోట బాధ్యత కూడా అంతే ఉండాలి. మరి సంథాల్ ఆచారం ఏం చెబుతుంది? సంథాల్ పెళ్ళిలో కీలకమైనది సిందూరం. సిందూరదానం జరిగితేనే పెళ్ళి. మగవాడు బలవంతంగా సిందూరం పూసినా దాన్ని ఒక రకం పెళ్ళి కింద లెక్కపెట్టి పంచాయితీ చేసే వాడుక కూడా వాళ్ళలో ఉంది. దండలు మార్చుకోవడం మైదానపు పెళ్ళి తంతు. ఆనకట్ట దగ్గర జరిగింది మైదానం వాళ్ళ స్వాగత మర్యాద. అందులో సిందూరం లేదు, మేళం లేదు, ఇరువైపుల పెద్దలు లేరు, ఓలి లేదు. ఆచారం ప్రకారమే చూసినా అది పెళ్ళి కాదు. ఆచారాన్ని కాపాడుతున్నామని చెప్పిన పెద్దలు ఆచారాన్నే తప్పారు. పరాయివాళ్ళ దండను తెచ్చి సొంత పిల్లకు ఉరితాడుగా బిగించారు.

పైగా వెళ్ళింది ఇద్దరు. మగవాడు కూడా అదే వేదిక దగ్గర అదే ప్రధానికి స్వాగతం చెప్పాడు. వెలి కథ మాత్రం ఆడపిల్లదే. అతను దండ మార్చుకోలేదు గదా అనొచ్చు. మేం అడిగేది వేరు. పై ఆఫీసరు వెళ్ళమంటే వెళ్ళిన కూలిపిల్ల తప్పేమిటి? దండ తిరిగి వేసింది ఆమె కాదు, ప్రధాని. ఆయన చేసిన పనికి ఆమెకు శిక్ష! పెద్దలకు కోపం ఉంటే ఆనకట్ట మీద చూపాల్సింది. నేల ముంచిన డీవీసీని ఊళ్ళోకి రానివ్వం అని తీర్మానం చేయాల్సింది. పెద్దవాడి మీద చేయి ఎత్తలేని ఊరు, తన పిల్ల మీద ఎత్తింది. 'అత్త మీద కోపం దుత్త మీద' అని ఊరికే అనలేదు.

ఇక్కడ మాకు ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయం. గిరిజనేతరులు మన ఆడపిల్లలను చేసుకునేది ప్రేమ కోసం కాదు, భూమి కోసం, పదవి కోసం. వెలి అన్న భయం లేకపోతే ఏజెన్సీ మొత్తం అల్లుళ్ళ చేతుల్లోకి పోతుంది అని పెద్దలు అంటారు. ఇది కల్పించిన భయం కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో పంచాయతీల అధ్యక్ష పదవులన్నీ షెడ్యూల్డు తెగలవే అని 1996 పీసా చట్టం చెప్పింది. అందుకే ఆదివాసీ భార్యను సర్పంచుగా నిలబెట్టి చక్రం తాను తిప్పే గిరిజనేతర భర్తలున్నారు. భార్య పేరున పట్టా, భర్త చేతిలో పంట ఉన్న భూములున్నాయి. మా వాదన ఏమిటంటే, ఈ జబ్బుకు ఆడపిల్ల వెలి మందు కాదు. అది జబ్బును పెంచుతుంది.

ఎలాగో చూడండి. పంచెట్ ప్రారంభమైన ఆ 1959లోనే మన ఆంధ్ర ఏజెన్సీకి భూమి బదలాయింపు నిషేధ రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టిగా సవరించారు. మనం 1/70 అని పిలుచుకునేది అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ దగ్గర్నుంచి వచ్చిందే అని అది ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. అంటే చట్టం భూమిని చూస్తుంది, అది ఎవరి చేతిలో ఉందో చూస్తుంది. మన పెద్దలు చూస్తున్నదేమిటి? పిల్ల మెడలో ఎవరి తాళి ఉందో చూస్తున్నారు. పిల్లను వెలివేశాక ఆమె ఎక్కడికి పోతుంది? ఆ గిరిజనేతరుడి గడపకే పోతుంది. పుట్టింటి అండ తెగిపోయిన ఆడదాని చేత ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేయించుకోవడం వాడికి ఇంకా సులువు. ఊరు తలుపు మూసిన రోజే వాడి పని సగం అయిపోయింది. అదే ఊరు ఆమె వైపు నిలబడి, భూమి మీద మాత్రం వాడిని నిలదీస్తే? భూమి కేసు వేస్తే ఆమే మొదటి సాక్షి అవుతుంది. వెలివేసిన మనిషి మన తరఫున ఎందుకు సాక్ష్యం చెబుతుంది?

ఇంకో లెక్క చెబుతాం. ఏజెన్సీ పల్లెల్లో గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు పోయింది ప్రధానంగా అప్పుల వల్ల, సారా వల్ల, తప్పుడు పట్టాల వల్ల, మన మగవాళ్ళు వేసిన వేలిముద్రల వల్ల. బెల్లం బస్తాకు, పెళ్ళి ఖర్చుకు, పండగ మేకకు రాసిచ్చినవెన్ని! ఆ వేలిముద్రలు వేసిన మగవాళ్ళలో ఎందరిని కులం వెలివేసింది? నేల అమ్ముకున్న కొడుకు కులంలోనే ఉంటాడు, మనసిచ్చిన కూతురు కులం బయట ఉంటుంది. ఇది భూమిని కాపాడే కట్టుబాటా?

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని ఇంకొందరు హెచ్చరిస్తారు. మన లోపాలు మనమే రాస్తే మైదానం వాళ్ళు నవ్వుతారు, మన పంచాయితీలను ఎత్తేయాలంటారు, ఆదివాసీలు అనాగరికులంటారు. నిజమే, అనేవాళ్ళున్నారు. బుధ్ని కథను అలా వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆధునిక ప్రధాని, అమాయక పిల్ల, మూఢ గిరిజనులు అంటూ మూడు ముక్కల్లో కథ ముగించేస్తారు. ఆనకట్ట ముంపు ఆ కథలోంచి మాయమవుతుంది, 1962 మాయమవుతుంది. మనం మాట్లాడకపోతే మిగిలేది ఆ మూడు ముక్కలే. కేరళలో సారా జోసెఫ్ 2019లో బుధ్ని మీద మలయాళంలో ఒక నవలే రాసింది. సముద్రం పక్కన కూర్చున్న రచయిత్రికి కదిలిన మనసు, కొండ మీద ఉన్న మనకు కదలదా? మన కథను మనం మొత్తంగా, సర్కారు తప్పుతో సహా, మన తప్పుతో సహా చెప్పినప్పుడే ఎదుటివాడి నవ్వు ఆగుతుంది. సొంత పిల్లకు న్యాయం చేయలేని సంఘం, కలెక్టరాఫీసు ముందు న్యాయం అని అరిస్తే ఆ అరుపుకు బలం ఎక్కడిది?

మన ఆచారంలో గొప్పవి చాలా ఉన్నాయి. వితంతువు మళ్ళీ పెళ్ళాడొచ్చు. కాపురం పొసగకపోతే పెద్దల్లో చెప్పుకుని విడిపోవచ్చు. మైదానం చట్టసభల్లో కొట్లాడి తెచ్చుకున్న ఈ రెండూ మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. వీటిని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆడమనిషి గురించి తీర్పు చెప్పే పంచాయితీలో ఆడమనిషికి చాప ఎందుకు వేయరు? బుధ్ని పెళ్ళి అయిందో కాలేదో తేల్చిన రాత్రి ఆమెను అడిగినవాళ్ళెవరు? ఇవాళ కూడా మన కుల పంచాయితీల్లో వరసగా కూర్చునేది మగవాళ్ళు, దూరంగా గోడ వారన నిలబడి వినేది ఆడవాళ్ళు. పీసా గ్రామసభ అలా కాదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే, ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానంగా. ఆచారాలను కాపాడే అధికారం, తగవులు తీర్చే మన పద్ధతిని నిలిపే అధికారం చట్టం ఆ గ్రామసభకే ఇచ్చింది. నలుగురు పెద్దమనుషులకు ఇవ్వలేదు. దీన్ని మనం ఇంకా సరిగా వాడుకోవడం లేదు.

కాబట్టి మా మాటలు ఇవీ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇకనుంచి బుధ్నిని ఎవరైనా 'నెహ్రూ భార్య' అని రాస్తే, చెబితే, ఫోన్లో పంపితే అక్కడే ఆపండి. ఆమె పంచెట్ ఆనకట్ట కార్మికురాలు. నేల కోల్పోయిన సంథాల్ బిడ్డ. కారణం చెప్పకుండా పని పోగొట్టుకుని, తిరిగి సంపాదించుకున్న మనిషి. అలా పిలవండి. ఆమె పోయాక పంచెట్ జనం అక్కడి నెహ్రూ విగ్రహం పక్కన ఆమెకు ఒక గుర్తు పెట్టమని అడిగారు. ఆ కోరికను మేం సమర్థిస్తున్నాం, ఒక షరతుతో. ఆ గుర్తు ఆయన పక్కన నిలబడిన పెళ్ళికూతురులా ఉండకూడదు. పార పట్టిన కూలీలా ఉండాలి.

మాస్టారూ, టీచరమ్మా, మీరు ఆనకట్టల పాఠం చెప్పే రోజున ఎత్తు, పొడవు, మెగావాట్లతో పాటు ఈ పిల్ల కథ కూడా చెప్పండి. భాక్రా, సాగర్, పంచెట్ కట్టిన చేతులెవరివి, మునిగిన పొలాలెవరివి అని పిల్లల్ని అడగండి. పిల్లలకు వాళ్ళ ఇళ్ళల్లోంచే జవాబులు వస్తాయి. మంత్రిగారి రాకకు ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టమని పై నుంచి కబురొస్తే, ఆ పూట పరీక్ష పెట్టండి. మీ ఉద్యోగం మీద ఒత్తిడి ఉంటుందని తెలుసు. ఒక్కరే కాదనలేరు, మండలంలోని టీచర్లందరూ కలిసి కాదనొచ్చు. తల్లిదండ్రుల కమిటీ చేత తీర్మానం రాయించొచ్చు. మన ఆట మన పండగలో ఆడతాం, చూడాలనుంటే మంత్రిగారినే పండగకు రమ్మనండి. వచ్చి అందరితో పాటు నేల మీద కూర్చోమనండి.

పెద్దలారా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాం. గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టండి. పెళ్ళి కారణంగా ఏ ఆడపిల్లనూ ఊరు వెలివేయదు అన్నది మొదటిది. గిరిజనేతర భర్త పేరునో, భార్య చాటునో ఊరి నేల ఎక్కడెక్కడ ఉందో లెక్క తీసి 1/70 కింద కేసు వేస్తాం అన్నది రెండోది. మొదటిది లేకుండా రెండోది గెలవదు. రెండోది లేకుండా మొదటిదాన్ని మీరు నమ్మరు. రెండూ ఒకే రోజు, ఒకే పుస్తకంలో, ఆడవాళ్ళ సంతకాలతో రాయండి. ఇప్పటికే వెలిలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలవండి. వచ్చే కొత్తల పండగకు వాళ్ళకు కబురు పెట్టండి. తప్పు కట్టమని అడగకండి. తప్పు చేసింది వాళ్ళు కాదు.

కమలా నెహ్రూ ఒక నాయకుడి భార్య. ఆ పేరు ఆమెకు న్యాయంగా వచ్చింది, అందులోని బరువునూ ఆమె మోసింది. బుధ్ని ఎవరి భార్యో చెప్పుకునే హక్కు బుధ్నికే ఉండేది. ఆ హక్కును దేశం ఒక ఫొటో కోసం, ఊరు ఒక పంతం కోసం లాక్కున్నాయి. ఆమె ఇక లేదు, తిరిగి ఇవ్వలేం. కానీ మన ఊళ్ళలో ఇంకా గడప బయట నిలబడి ఉన్న ఆడపిల్లలున్నారు. వాళ్ళకు ఇవ్వడానికి మనకు ఇంకా సమయం ఉంది.